మహబూబ్‌నగర్ దగ్గర ఆగిన సెషన్

బాచుపల్లి,
19 సెప్టెంబర్ 2011

మాదాపూర్ ఆఫీసు సిస్టమ్ రూమ్ ఇన్‌ఛార్జి నవనీత గారికి, మూడో అంతస్తు పార్థసారథి నమస్కరించి రాయునది.

మీరు నన్ను చూసే ఉంటారు. బట్టతల, చంకలో గొడుగు, లిఫ్టు పనిచేస్తున్నా మెట్లెక్కే మనిషి. అది నేనే. మనం ఎదురుపడి మాట్లాడుకోలేదు. ఈ ఉదయం ఫోన్ చేస్తే "సెషన్ల సంగతి ఏదైనా సంతకం పెట్టిన కాగితం మీదనే పంపాలె సార్, ఆడిట్ రూలు" అని పెట్టేశారు. కంప్యూటర్ కంపెనీలో నన్ను కాగితం అడిగిన మొదటి మనిషి మీరే. గౌరవం కలిగింది. మన సెక్యూరిటీ కొమురయ్య మా వీధి చివరే ఉంటాడు. సమ్మెలో బస్సులు ఆగినా అతని సైకిల్ ఆగలేదు కనుక ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను.

విషయం ఇది. మన పెద్ద కంప్యూటర్‌లో నా సెషన్ ఒకటి నడుస్తోంది. ఇరవై మూడు జిల్లాల్లో ముప్పై ఏళ్ళలో ఎక్కడెంత వాన పడిందో లెక్కగట్టే పని. ఒక్కో జిల్లాకు దాదాపు ఒక రోజు పడుతుంది. పన్నెండో తారీఖు ఉదయం మొదలుపెట్టి, సాయంత్రం అది నడుస్తుండగా మానిటర్ ఆపి ఇంటికొచ్చాను. మర్నాటి నుంచి సకల జనుల సమ్మె. మొదట ఆటోలు దొరకలేదు, ఇప్పుడు బస్సులే లేవు. ఇంట్లో నెట్ కనెక్షన్ చచ్చి వారమైంది. ఇంతలో కొమురయ్య చేత మీ సర్క్యులర్ అందింది. కరెంటు కోతల వల్ల యంత్రం మీద భారం తగ్గించడానికి, ఐదు రోజులు ఎవరూ ముట్టుకోని సెషన్లు ఇక ప్రతి శుక్రవారం సాయంత్రం తొలగించబడునట.

దయచేసి నాది తొలగించకండి. పని అక్టోబర్ 15కి ఇవ్వాలి. మళ్ళీ మొదటినుంచి మొదలుపెడితే అందదు. నాకు యాభై తొమ్మిదేళ్ళు. నా కాంట్రాక్టు అక్టోబర్ నెలాఖరుకి అయిపోతుంది. ఇది సమయానికి ఇస్తే ఇంకో ఏడాది ఉంచుతానని మేనేజర్ జశ్వంత్ గారు మాట ఇచ్చారు. ఇవ్వకపోతే నేనిక ఇంట్లోనే. ఆ ఆలోచనకే నాకు నిద్ర పట్టడం లేదండి.

ఇట్లు,
వి. పార్థసారథి

తా.క. నేను ఇంట్లో ఉండటం మా ఆవిడ అమ్మణ్ణికి కూడా ఇష్టం లేదు. వంటింటి డబ్బాలన్నిటికీ నేను ఇంగ్లీషు అక్షరక్రమంలో లేబుళ్ళు అంటించిన దగ్గర్నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.


మాదాపూర్,
20 సెప్టెంబర్

పార్థసారథి సార్‌కు నవనీత నమస్తే.

మీ ఉత్తరం అందింది. చక్కటి చేతిరాత సార్. మా సిస్టమ్ రూమ్‌లో అందరం తలా ఒకసారి చూశాం.

మీ సెషన్ కాపాడటానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఏ సెషన్? మీ పేరు మీద పదిహేడు ఉన్నాయి.

మీరు కోపం తెచ్చుకోకుండా ఒక మాట చెప్తాను. కనెక్షన్ తెగితే సెషన్ చావదు. మీరు ఎక్కడ వదిలారో అక్కడే, లోపల అలాగే ఉంటుంది. తిరిగొచ్చి ఆ పాతదాన్నే అందుకోవాలి. మీరేమో కరెంటు పోయినప్పుడల్లా, వైరు కదిలినప్పుడల్లా కొత్తది మొదలుపెట్టుకుంటూ వచ్చారు. పాతవన్నీ మీ కోసం చూస్తూ కూర్చున్నాయి. యంత్రం మీద భారం అని సర్క్యులర్‌లో రాశాం కదా, అందులో కొంత మీరే.

శుక్రవారం సాయంత్రం ఆరు గంటల లోపల మీ వానల సెషన్ ఏదో గుర్తు చెప్పండి. ఇంకో సంగతి. లోపల లెక్క నడుస్తున్నంత మాత్రాన ముట్టుకున్నట్టు కాదు. కీబోర్డు మీద చేయి పడితేనే మనిషి ఉన్నట్టు రూలు.

నమస్కారాలతో,
నవనీత

తా.క. మీ పదిహేడులో ఒకటి "ఈ ఫైలు దాచమంటారా?" అని అడిగి జూన్ నుంచి మీ జవాబు కోసం ఎదురుచూస్తోంది.


బాచుపల్లి,
21 సెప్టెంబర్

నవనీత గారికి పార్థసారథి నమస్కారాలు.

పదిహేడు అని చదివి కాఫీ పక్కన పెట్టేశాను. నేను 1979 నుంచి కంప్యూటర్లతో ఉన్నవాణ్ణి. మీరు పుట్టకముందే ఒక ప్రభుత్వ కార్యాలయంలో గది అంత యంత్రాన్ని నడిపాను. అక్కడ పద్ధతేమిటంటే, పొద్దున్నే కొత్త పేజీ తీసి తేదీ వేయాలి. పాత పేజీ మీద రాస్తే మా సూపరింటెండెంటు రామబ్రహ్మం గారు పేజీ చింపి చేతికిచ్చేవారు. ఆ అలవాటు చేతుల్లో ఉండిపోయింది. తెర మీది విండో మూసేస్తే సెషన్ కూడా పోతుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఈ వయసులో ఈ సంగతి తెలియడం సిగ్గుగానే ఉంది.

నా సెషన్ గుర్తులు. తెరకు ఎడమవైపు జిల్లా పేరు, కుడివైపు పరుగెత్తే అంకెలు. జిల్లాలు ఇంగ్లీషు అక్షరక్రమంలో వస్తాయి. ఆదిలాబాద్‌తో మొదలు, పశ్చిమ గోదావరితో ఆఖరు. అది తప్ప మిగతా పదహారూ తీసేయండి. జూన్ నుంచి అడుగుతున్న ఆ ఫైలు దాచనక్కర్లేదు. అందులో ఏముందో నాకూ గుర్తులేదు.

ఇట్లు,
పార్థసారథి

తా.క. అమ్మణ్ణి మీ ఉత్తరం చదివి, "ఇంట్లోనూ ఇంతే. తాగిన గ్లాసు పక్కన పెట్టి ఇంకో గ్లాసు తీస్తారు" అంది. ఇది నా విన్నపంలో భాగం కాదు.


మాదాపూర్,
22 సెప్టెంబర్

సార్‌కు నవనీత నమస్తే.

మీ సెషన్ దొరికింది. నంబరు 2209. ఇవాళ కృష్ణా జిల్లా నడుస్తోంది. పదో జిల్లా. లెక్క దాదాపు రోజుకొకటి చొప్పున సాగుతోంది. దాన్ని తొలగించే అవసరం కూడా రాదు.

ఎందుకంటే ఎవరో దాన్ని ముట్టుకుంటున్నారు.

రికార్డు తీసి చూశాను. పదమూడో తారీఖు నుంచి, ఆదివారం వదిలేసి, రోజూ ఉదయం తొమ్మిదీ పదికి ఆ సెషన్‌లో ఎవరో కీబోర్డు కొడుతున్నారు. అర నిమిషం కొట్టి వెళ్ళిపోతున్నారు. ఒక సెషన్‌ను ఇద్దరు అందుకుంటే ఇద్దరికీ ఒకే తెర కనిపిస్తుంది, ఇద్దరూ కొట్టొచ్చు. మీరేమో ఇంట్లో కనెక్షన్ లేదంటున్నారు. మీ పాస్‌వర్డ్ ఇంకెవరికైనా ఇచ్చారా? ఇస్తే ఆడిట్ వాళ్ళకు నేను జవాబు చెప్పుకోవాలి. నాకు పరేషాన్‌గా ఉంది.

నవనీత

తా.క. కొట్టినవాళ్ళు చదువుకున్నవాళ్ళలా లేరు. నిన్న కొట్టింది "కెకెఎల్జీయుయువైహెచ్జీ" లాగా ఉంది.


బాచుపల్లి,
23 సెప్టెంబర్

కుమారి నవనీతకు,

నా పాస్‌వర్డ్ నా భార్యకు కూడా తెలియదు. తెలిస్తే ఆవిడ దాన్ని కూడా మార్చేది. నా కనెక్షన్ ఇంకా చచ్చే ఉంది. కనుక ఆ కొట్టేది నేను కాదు. సిస్టమ్ రూమ్‌లోకి వెళ్ళగలిగేదీ, ఎవరి సెషన్ అయినా అందుకోగలిగేదీ మీరూ మీ స్నేహితులే.

మీరంతా సమ్మెకు మద్దతుగా బ్యాడ్జీలు పెట్టుకున్నారని కొమురయ్య చెప్పాడు. పెట్టుకోండి, అది మీ ఇష్టం. నేను ఆంధ్రావాణ్ణని నా పనిలో వేళ్ళు పెట్టి తమాషా చేయడం మాత్రం బాగా లేదు. మీ ఉద్యమానికీ నా వానలకీ ఏమీ సంబంధం లేదు. ఇందులో నా బతుకుతెరువు ఉంది. ఇది వయసులో పెద్దవాడిగా చెబుతున్న మాట.

పార్థసారథి


మాదాపూర్,
24 సెప్టెంబర్

పార్థసారథి గారికి,

సార్ అని రాయబుద్ధి కాలేదు. తర్వాత మళ్ళీ రాస్తాను.

ముందుగా, వానలకీ మా ఉద్యమానికీ సంబంధం లేదన్నారు. మా ఉద్యమంలో మొదటి మాటే నీళ్ళు. రెండోది, నేను సిద్దిపేట పిల్లను. కోపమొస్తే ఎదురుగా వచ్చి అడుగుతాను కానీ వెనక నుంచి కీబోర్డు కొట్టను. మీ ఉత్తరం చదివి నాకు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, తర్వాత ఉదయం ఎనిమిదిన్నరకే వచ్చి మూడో అంతస్తులో మీ బల్ల వెనక దాక్కున్నాను.

తొమ్మిదీ పదికి హౌస్‌కీపింగ్ పోచమ్మ వచ్చింది. తడిబట్టతో బల్ల తుడిచింది, మీ గణపతి బొమ్మ తుడిచింది, తర్వాత కీబోర్డు మీద బట్ట వేసి ఈ చివరి నుంచి ఆ చివరికి రుద్దబోయింది. నేను లేచి బట్ట పట్టుకున్నాను. ఆమె అరిచిన అరుపుకు కొమురయ్య కింద నుంచి ఉరికొచ్చాడు.

"సారు వస్తలేడు కదా, ఎందుకు తుడుస్తున్నవ్?" అని అడిగాను.

"సారు రాకుంటే దుమ్ము రాకుంటదా?" అంది. "రోజు తుడువుమన్నరు, తుడుస్తున్న. గా డబ్బా నల్లగ ఉన్నది, బంద్ ఉన్నదనుకున్న."

డబ్బా నల్లగా ఎందుకుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మీరు పన్నెండున ఆపింది మానిటర్‌ను మాత్రమే. మీ సెషన్ తెగనే లేదు. మీ బల్ల మీద నుంచి నిక్షేపంలా నడుస్తోంది. మానిటర్ ఆపితే కీబోర్డు కూడా ఆగినట్టే అనుకోవడం ఏ కార్యాలయం పద్ధతో నాకు తెలియదు.

ఇక ఆ బల్ల ముట్టుకోవద్దని పోచమ్మకు గట్టిగా చెప్పాను. మీ పనిలో ఎవరి వేళ్ళూ ఉండవు. నిశ్చింతగా ఉండండి.

నవనీత

తా.క. "నేనేం పాడు చేసిన బిడ్డా?" అని పోచమ్మ నాలుగుసార్లు అడిగింది. ఆమెకు కూడా మీరు ఒక క్షమాపణ బాకీ.


బాచుపల్లి,
26 సెప్టెంబర్

చి. నవనీతకు ఆశీస్సులు.

తప్పు నాదేనమ్మా. నీ అంత పిల్ల నా కూతురైతే నేనలా రాసేవాణ్ణి కాదు. పరాయిపిల్ల అనుకుని రాశాను. అందుకు ఇంకా సిగ్గుపడుతున్నాను. పోచమ్మ గారికి కూడా నా తరఫున చెప్పు. తర్వాత నేనే వచ్చి చెబుతాను.

ఇప్పుడు ప్రాణం కుదుటపడింది. రోజుకొక జిల్లా చొప్పున ఈపాటికి మహబూబ్‌నగర్ అయిపోయి మెదక్ నడుస్తూ ఉండాలి. పదిహేనుకి సులువుగా అందిపోతుంది. జశ్వంత్ గారికి ఈ మాట ఫోన్‌లో చెప్పేశాను కూడా.

ఇట్లు,
శ్రేయోభిలాషి పార్థసారథి

తా.క. నీ కోపం ఉత్తరం అమ్మణ్ణి రెండుసార్లు చదివి, "ఈ అమ్మాయి బావుంది" అని కొమురయ్య చేత నీకు జంతికలు పంపుతోంది. డబ్బా మీద లేబుల్ నమ్మకు. లోపల జంతికలే.


మాదాపూర్,
28 సెప్టెంబర్

సార్‌కు నవనీత నమస్తే.

జంతికలు అయిపోయాయి. మీ పని అవడం లేదు.

పోచమ్మను ఆపిన రోజు నుంచి మీ సెషన్ కర్నూలు దాటలేదు. ఇవాళ తెర వెలిగించి చూస్తే, అంకెలేవీ కదలడం లేదు. కింద ఇంగ్లీషులో ఒక ప్రశ్న ఉంది. "కర్నూలు లెక్క పూర్తయింది. ఆమోదిస్తున్నారా? అవునంటే వై, కాదంటే ఎన్ నొక్కగలరు" అని. పాత రికార్డు తిరగేశాను. ప్రతి జిల్లా తర్వాతా ఇదే ప్రశ్న. ప్రతి ఉదయం పోచమ్మ తడిబట్ట దానికి జవాబిచ్చింది.

ఈ ప్రశ్న రాసిన మహానుభావుడు ఎవరు సార్? రోజుకొక జిల్లా లెక్క యంత్రం వేగం కాదు, పోచమ్మ డ్యూటీ.

పైగా ఇప్పుడు ఆ సెషన్‌ను ముట్టుకున్నవాళ్ళు లేరు. ఎల్లుండి శుక్రవారం సాయంత్రం ఆరుకు తొలగింపులో పోతుంది. నడుస్తున్న లెక్కనైతే మినహాయించగలను కానీ, ఆగి కూర్చున్నదాన్ని మినహాయించే వీల్లేదు. నేను నొక్కుదామంటే, సిస్టమ్ రూమ్ వాళ్ళు ఇంకొకరి సెషన్‌ను చూడొచ్చు కానీ కీ నొక్కకూడదని రూలు. ఎవరు నొక్కాలో మీరు పేరు రాసి సంతకం పెట్టి పంపాలి.

నవనీత

తా.క. వై ఒక్కటే కాదు, చుట్టుపక్కల అక్షరాలన్నీ పడినా మీ ప్రోగ్రాం అవుననే తీసుకుంటోంది. అదేం పద్ధతి?


బాచుపల్లి,
29 సెప్టెంబర్

చి. నవనీతకు ఆశీస్సులు.

ఆ మహానుభావుణ్ణి నేనే. ఆ ప్రోగ్రాం 1987లో రాశాను. అప్పట్లో పైవారి ఆమోదం లేకుండా ఒక్క అడుగు వేయడానికి లేదు. ప్రతి జిల్లా తర్వాత రామబ్రహ్మం గారు వచ్చి వై నొక్కాలి. ఆయన వేళ్ళు లావు. ఒక్కసారికి మూడు నాలుగు కీలు పడేవి. తప్పు అని తెర చూపిస్తే కోప్పడేవారు. అందుకని కొట్టినదాంట్లో ఎక్కడ వై ఉన్నా అవుననే తీసుకునేలా రాశాను. ఇరవై నాలుగేళ్ళుగా ఆ ప్రోగ్రామే వాడుతూ, ఆ ప్రశ్నకు చూడకుండా వై కొడుతూ, అది ఉందనే మరిచిపోయాను.

ఇందుతో అధికార పత్రం జతపరిచాను. "వేమూరి పార్థసారథి అను నేను, నా సెషన్ నంబరు 2209 నందు ఆమోదం తెలుపు అధికారమును పూర్తి స్పృహతో శ్రీమతి పోచమ్మ గారికి మాత్రమే ఇచ్చుచున్నాను. వారి నిర్ణయమునకు నేను కట్టుబడి ఉందును." సాక్షి సంతకం అమ్మణ్ణిది. పోచమ్మ గారి పేరే ఎందుకంటే, ఇన్ని జిల్లాలు నడిపిన మనిషిని మధ్యలో మార్చడం నాకు న్యాయంగా తోచలేదు.

పార్థసారథి

తా.క. సాక్షి సంతకం పెడుతూ అమ్మణ్ణి, "ఒక ఆడమనిషి నిర్ణయానికి కట్టుబడి ఉంటానని మీరు రాయగా చూస్తాననుకోలేదు" అంది.


మాదాపూర్,
1 అక్టోబర్

సార్‌కు నవనీత నమస్తే.

జాగ్రత్తగా కూర్చుని చదవండి.

నిన్న మీ పత్రం పట్టుకుని పోచమ్మ దగ్గరికి వెళ్ళాను. హౌస్‌కీపింగ్ వాళ్ళు కూడా సమ్మెలోకి దిగి గేటు ముందు టెంటులో కూర్చున్నారు. ఇక పని అయినట్టే అనుకున్నాను. ఆమె పత్రం నాతో రెండుసార్లు చదివించుకుంది.

"తుడుసుడు నా పని. గా పని బంద్ పెట్టిన," అంది. "బటన్ ఒత్తుడు నా పని గాదు. గది ఒత్తితే సమ్మె ఇరిగినట్టు గాదు. పా."

వచ్చి మీ కుర్చీలో కూర్చుంది. "ఏమడుగుతున్నదో సదువు," అంది. చదివాను. కర్నూలు సంగతి తనకు తెలియదు కాబట్టి రాసిన సార్లను నమ్ముతానని చెప్పి వై నొక్కింది. శుక్రవారం గండం అలా గడిచింది.

ఇవాళ ఉదయం మళ్ళీ వచ్చింది. తెర మీద మహబూబ్‌నగర్ లెక్క. మండలాల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే, కోస్గి దగ్గర ఆగమంది. అది ఆమె ఊరు. "ముప్పై ఏళ్ళలో ఎక్కువ వాన పడిన సంవత్సరం 1986" అని చదివాను.

"మల్ల సదువు," అంది. మళ్ళీ చదివాను.

"గా యేడు మా శివ కడుపుల ఉన్నడు. సినుకు లేదు. జొన్న నిలువునా ఎండింది. ఊరు ఊరంత బొంబయి పోయినం మట్టి పనికి. నేను తొమ్మిదో నెలల తట్ట మోసిన. గా యేడు ఎక్కువ వాన పడ్డదని నేనెట్ల ఒప్పుకుంట బిడ్డా?"

శివ మన ఆఫీసు క్యాబ్ నడుపుతాడు. పిలిచి లైసెన్సు చూశాను. పుట్టిన సంవత్సరం 1986. నేను ఇంకేమీ చెప్పకముందే పోచమ్మ వేలు చూపించి, "కాదు అనేది ఏది?" అని అడిగి ఎన్ నొక్కింది. "సరిచేసి తిరిగి సమర్పించండి" అని మీ సెషన్ ఆగిపోయింది.

నవనీత

తా.క. ఆ జవాబు వస్తే ఏం చేయాలో కూడా 1987లో మీరు రాసే ఉంచారు. ఎవరూ ఎప్పుడూ నొక్కలేదు, అంతే.


బాచుపల్లి,
అదే రోజు సాయంత్రం

నవనీతా,

ఇది అన్యాయం. అవి ప్రభుత్వ రిజిస్టర్లలోని అంకెలు. ఇరవై నాలుగేళ్ళుగా ఎన్నో నివేదికల్లో వెళ్ళాయి, ఒక్కరు వేలెత్తి చూపలేదు. పాతికేళ్ళ కిందటి వాన ఆవిడకు గుర్తుందని నా పని ఆపేస్తారా? ఇంకా పదకొండు జిల్లాలున్నాయి. రోజుకొకటైనా, దసరా సెలవు పోను పదిహేనుకి బొటాబొటిగా సరిపోతుంది. ఒక్క రోజు పోయినా నా కాంట్రాక్టు పోయినట్టే. జశ్వంత్ గారికి మాట ఇచ్చాను.

ఆవిడ నొక్కకపోతే నువ్వు నొక్కమ్మా. పెద్దవాణ్ణి, బతిమాలుతున్నాను.

పార్థసారథి


మాదాపూర్,
3 అక్టోబర్

సార్‌కు నవనీత నమస్తే.

నేను నొక్కలేను. పత్రంలో "పోచమ్మ గారికి మాత్రమే" అని మీరే రాశారు. ఆ రూలు లేకపోయినా నొక్కేదాన్ని కాదేమో. ఆమె ఆ మాట చెప్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను సార్.

అలాగని మీరు ఇంటికి వెళ్ళిపోవడం నాకిష్టం లేదు. నిన్నంతా అదే దిగులు. పాత రిజిస్టర్ల జిరాక్సులు మీ ఇంట్లో ట్రంకుపెట్టె నిండా ఉన్నాయని కొమురయ్య అన్నాడు. కోస్గి, 1986. ఒక్క పేజీ తీసి చూడండి. పోచమ్మదే పొరపాటైతే నేనే ఆమెను బతిమాలి నొక్కిస్తాను.

నవనీత


మాదాపూర్, మూడో అంతస్తు,
4 అక్టోబర్

చి. నవనీతకు పార్థసారథి ఆశీస్సులు.

నువ్వు మొదటి అంతస్తులో ఉన్నావు. రెండు అంతస్తులు దిగితే నోటితో చెప్పొచ్చు. కానీ సెషన్ల సంగతి కాగితం మీదే ఉండాలి కదా.

నిన్న ట్రంకు తీశాను. కోస్గి పేజీలో ఆగస్టు నెల వాన పన్నెండు పాయింటు నాలుగు మిల్లీమీటర్లు. కంప్యూటర్‌లో నూట ఇరవై నాలుగు. జులై కూడా అంతే, సెప్టెంబర్ కూడా అంతే. ఆ ఏడాది ఆ మండలానికి కంప్యూటర్‌లో ఏ నెల అంకెలోనూ దశాంశ చుక్క లేదు. టైపు చేసినవారి పొడి సంతకం పేజీ కింద ఉంది. అది నాదే.

నాకు గుర్తొచ్చింది నవనీతా. ఆ యంత్రంలో చుక్క కీ సరిగ్గా పడేది కాదు. గట్టిగా నొక్కాలి. ఆ సాయంత్రం బస్సు వేళయింది. తర్వాత సరిచేద్దాం అనుకున్నాను. తర్వాత రామబ్రహ్మం గారు వచ్చి వై నొక్కారు. ఆమోదం అయిపోయింది కనుక నేను దాన్ని మళ్ళీ తెరవలేదు.

నిన్న రాత్రి అన్నం సహించలేదు. వై నొక్కిస్తే కాంట్రాక్టు ఉంటుంది. అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. అమ్మణ్ణి నా చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఇవాళ తెల్లవారగానే రిజిస్టర్ పేజీలు సంచిలో వేసుకుని నడక మొదలుపెట్టాను. మియాపూర్ దాటాక ఒక పాల ఆటో ఎక్కించుకుంది. కొత్తగూడ నుంచి మళ్ళీ నడిచాను.

గేటు దగ్గర టెంటులో పోచమ్మ గారు ఉన్నారు. సద్దుల బతుకమ్మ కదా, ఆడవాళ్ళంతా రోడ్డు మీదే తంగేడు పూలు పేరుస్తున్నారు. నన్ను చూసి ఒక కుర్చీ వేయించి నీళ్ళిచ్చారు. పేజీ చూపించి, తప్పు నాదని చెప్పాను. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు.

"గా యేడు నువ్వేడున్నవు సారూ?" అని మాత్రం అడిగారు.

"ఇక్కడే, హైదరాబాదులో," అన్నాను. "ఫ్యాను కింద కూర్చుని మీ ఊళ్ళో వాన పడిందని టైపు చేస్తున్నాను."

ఆవిడ నా మొహం చూసి, "గందుకేనేమో మాకు కరువు పైసలు రాలే," అన్నారు. నేను తల వంచుకున్నాను. తర్వాత ఆవిడే నా భుజం తట్టి, "పో, పోయి సరిజెయ్యి. ఈసారి నేనే సూస్త," అన్నారు.

అక్కడి నుంచి నేరుగా జశ్వంత్ గారి గదికి వెళ్ళి, పని పదిహేనుకి ఇవ్వలేనని చెప్పి పేజీలు బల్ల మీద పెట్టాను. కాంట్రాక్టు మాట ఆయన ఎత్తకముందే నేనే వదులుకున్నాను. ఆయన మనకు ఈ వానల పని ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేశారు. ఇన్నేళ్ళుగా వాళ్ళు వాడుతున్న అంకె తప్పనీ, దాన్ని పట్టుకుంది ఆ ఊళ్ళో బతికిన పోచమ్మ గారనీ చెప్పారు. ఫోన్ పెట్టేశాక జశ్వంత్ గారు నా వైపు తిరిగారు.

"ఇంకెన్ని చుక్కలు ఎగిరిపోయాయి సార్?"

"తెలియదండి. ఇరవై మూడు జిల్లాలు, ముప్పై ఏళ్ళు, అన్ని పేజీలూ చూస్తే తప్ప."

"అయితే అవన్నీ తేలేదాకా మీరు ఇంటికి వెళ్ళడానికి వీల్లేదు," అన్నారు. పని ఇచ్చినవాళ్ళు ఏడాది గడువిచ్చారట. ప్రతి జిల్లా లెక్కనూ ఆ జిల్లాలో బతికిన మనిషి ఒకరు విని ఒప్పుకుంటేనే ముందుకు వెళ్ళాలని షరతు కూడా పెట్టారు. ఇది చెప్పడానికి లిఫ్టులో కిందికొచ్చి గేటు దాకా పరుగెత్తాను. పోచమ్మ గారు విని, "సమ్మె అయినంక వస్త, తొందరేంది," అన్నారు.

కనుక నా విన్నపం ఇది. నా సెషన్ నంబరు 2209ని శుక్రవారం దాకా ఆగకుండా ఇవాళే తొలగించు. దాన్ని కాపాడమని ఇన్నాళ్ళూ నీ ప్రాణం తీశాను. ఇప్పుడు అందులో కాపాడవలసింది ఏమీ లేదు. కొత్తది మొదలుపెడతాను. ఒక్కటే మొదలుపెడతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
వేమూరి పార్థసారథి

తా.క. గుంటూరు జిల్లా లెక్క ఒప్పుకోవడానికి మనిషిని వెతకనక్కర్లేదు. అమ్మణ్ణిది తెనాలి. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నేను చెప్పిన దేనికీ ఆవిడ ఇంతవరకు మొదటిసారే అవును అనలేదు.